నాలుగో భాషకు నిద్రపోయిన మైకు

మొన్న ఆదివారం జగదల్‌పూర్‌లో మా తెలుగువాళ్ళ సంఘం హాలుకు కొత్తగా తెరలూ మైకులూ బిగించారని కబురొస్తే, భోజనాలు కూడా అక్కడే అన్నారు కదా అని నేనూ వెళ్ళాను. గోడకు పలకంత అద్దం ఒకటి తగిలించి ఉంది. దాని పక్కన నిలబడ్డ కుర్రాడు నన్ను చూసి, పెద్దావిడ కదా బెదిరిపోతుందేమో అనుకున్నాడు కాబోలు, ఎంతో ఓదార్పుగా, “ఒక్క టచ్ చాలు ఆంటీ, అన్నీ అవే అయిపోతాయి” అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వాగక, పక్కకు తిరిగి దగ్గు నటించాల్సి వచ్చింది. సరిగ్గా ఇదే మాట, ఇదే ఓదార్పుతో, సుక్మా దగ్గర నేను పనిచేసిన హాస్టలు బడి ప్రాంగణంలో ఒక హైదరాబాదు అబ్బాయి నాతో అని పది పన్నెండేళ్ళు అయి ఉంటుంది. ఆ తరవాత అక్కడ ఏవేవి వాటంతట అవే అయిపోయాయో మీతో చెప్పుకోవాలనిపించి కూర్చున్నాను.

ముందు నా నోటి సంగతి చెప్పాలి, అది లేకపోతే ఈ కథే లేదు. మా నాన్నగారు విజయనగరం వైపు నుంచి వచ్చి కిరందుల్ ఇనప గనిలో ఫిట్టరుగా చేరడంతో నేను పుట్టి పెరిగిందంతా కంపెనీ క్వార్టర్లలోనే. కంపెనీ కూత కూస్తే నిద్ర లేచేవాళ్ళం, కూత కూస్తే అన్నాలకు కూర్చునేవాళ్ళం. నా ఈడువాళ్ళు, గని ఊళ్ళల్లో పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే, గడియారం లేకుండా బతికిన ఆ రోజులు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఆ కూతనూ, కొండ మీది యంత్రాల మోతనూ దాటి వినపడాలంటే మా ఇళ్ళలో అందరం గట్టిగానే మాట్లాడాలి, అందులోనూ నాది మరీ గట్టి గొంతు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే అని మా అమ్మ రోజుకొక్కసారైనా బుద్ధి చెప్పేది. అలా చెప్పేటప్పుడు ఆవిడ గొంతు కూడా వీధి చివరిదాకా వినపడేదని నేనెప్పుడూ గుర్తు చేయలేదు. చేసి ఉంటే వీపు చిట్లిపోయేది.

ఆ గొంతుతోనే ఆ ప్రాంగణంలో ఫిజిక్సు ల్యాబుకు ఇన్‌చార్జినయ్యాను. పెద్ద ఆవరణ, బడి, ల్యాబులు, సభల హాలు, వంటశాల, రెండు హాస్టళ్ళు, అన్నిటికీ మధ్య ఒక నీళ్ళ ట్యాంకు. పిల్లలు కొందరు హల్బీ ఇళ్ళవాళ్ళు, కొందరు గోండీ ఇళ్ళవాళ్ళు, పామేడు, ఉసూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు తెలుగు మాట్లాడే ఇళ్ళవాళ్ళు, బడిలో మాత్రం అందరికీ హిందీ. పిల్లలు నాలుగూ కలగలిపి ఎలాగో నెట్టుకొచ్చేవారు. వాళ్ళ తల్లిదండ్రులు వచ్చినప్పుడే తంటా. అందుకని ఏ కబురు చెప్పాలన్నా నాలుగు భాషల్లోనూ చెప్పాలన్నది అక్కడి ఆనవాయితీ, చెప్పేది మా అటెండరు కాకా.

కాకాది ఉసూరు. నాలుగు భాషలూ ఆయనకు నాలుగు జేబుల్లాంటివి, దేనిలో చెయ్యి పెట్టినా కావలసింది దొరికేది. ట్యాంకు మీద కట్టిన పాత లౌడు స్పీకరులోంచి ముందు హిందీలో సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసేవాడు, ఎందుకంటే హిందీ ఆయనకు ఆఫీసు భాష. హల్బీలోకి దిగాక సంతలో చింతపండు ధర వచ్చి చేరేది. గోండీలో వానల సంగతి, ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో ఆ సంగతి. చివరగా తెలుగులోకి వచ్చి, “అందరు మంచిగున్నరా, బువ్వ తిన్నరా” అని అడిగి, జవాబు కోసం అన్నట్టు కాసేపు ఆగి, అప్పుడు అసలు విషయం మొదలుపెట్టేవాడు. మంచీ చెడూ అడక్కుండా పని మాట ఎత్తడం ఆ వైపు మర్యాద కాదు. మా ప్రిన్సిపాల్ గారు దుర్గ్ వైపు మనిషి, హిందీ తప్ప మరొకటి రాదు, కాబట్టి హిందీ అయిపోగానే కబురు అయిపోయిందనుకుని తన గదిలోకి వెళ్ళిపోయేవారు. మిగతా మూడూ ఆయన లెక్కలో గాలి శబ్దాలు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇక మా పిల్ల సంగతి. నా కడుపున పుట్టిన పిల్ల కాదు, పదకొండో తరగతిలో నా దగ్గరికి వచ్చిన పామేడు వైపు పిల్ల. తీగలు కలపడంలో, మీటరు చూడటంలో దాని చేతిలాంటి చెయ్యి నా సర్వీసు మొత్తంలో మరొకటి చూడలేదు. అది చదువుకోవాలి, తిరిగి వచ్చి నాలాంటి ల్యాబులో నిలబడాలి అని నేను ఎప్పుడో మనసులో నిశ్చయించేసుకున్నాను, వాళ్ళమ్మను అడక్కుండానే. ఆ ఏడాది వానాకాలంలో పిల్లకు జ్వరమని ఎవరో చెబితే ఆ తల్లి ఉన్నపళంగా బయలుదేరి వచ్చింది. ఆవేళ కాకా సెలవు, నేను కిరందుల్ వెళ్ళాను. గేటు దగ్గరి కాపలావాడికి ఆమె మాట అర్థం కాక, ఆమెకు వాడి హిందీ అర్థం కాక, మధ్యాహ్నం దాకా వానలో అక్కడే నిలబడిపోయిందట. చివరికి పిల్లను చూసింది కానీ, ఆ నిలబడటం మరిచిపోలేదు. నా మాట పలకని చోట నా పిల్లను ఎందుకు ఉంచాలి, ఇప్పపూల కాలం రాకముందే వచ్చి పెట్టెతో సహా తీసుకుపోతానని చెప్పి వెళ్ళింది. ఆమె అన్నది నిజమే, అదే నా బాధ.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ప్రాంగణానికి కొత్త వ్యవస్థ మంజూరైంది. తెరలూ కెమెరాలూ మైకులూ స్పీకర్లూ అన్నీ ఒకే తీగల వలలో ఉంటాయట, ప్రిన్సిపాల్ గదిలో ఉన్న అద్దం మీద వేలు పెడితే ఏ గదిలో ఏది కావాలన్నా పలుకుతుందట. బిగించడానికి హైదరాబాదు అబ్బాయి భద్రాచలం మీదుగా, కుంట మీదుగా, నడుము పట్టుకుని దిగాడు. మంచివాడే, పనిమంతుడే. కాకపోతే, నెట్‌వర్కు పెట్టడానికి వచ్చినవాడి ఫోనుకు మా దగ్గర నెట్‌వర్కు లేదు. ప్రాంగణం మొత్తంలో సిగ్నలు దొరికేది ఒక్క నీళ్ళ ట్యాంకు మీదే. ఏదైనా ఆఫీసు నుంచి దించుకోవాలంటే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆ ఇనప మెట్లెక్కి, పాత లౌడు స్పీకరు పక్కనే కూర్చోవలసి వచ్చేది. సగం పని అయ్యేసరికి అన్నం గంట కొట్టేది, కాకా నాలుగు భాషల్లో మొదలుపెట్టేవాడు, ఆ అబ్బాయి చెవులు మూసుకుంటే ల్యాప్‌టాప్ జారిపోతుందనీ, ల్యాప్‌టాప్ పట్టుకుంటే చెవులు పోతాయనీ అల్లాడిపోయేవాడు. దిగి వచ్చాక ఒక పూట వాడికి మనం చెప్పింది వినపడేది కాదు.

బిగించినవి కూడా మొదట్లో మా మాట వినలేదు. మా దగ్గర కరెంటు పోవడం రావడం సంసారాల్లో అలకల్లాంటిది, దానికి వేళాపాళా ఉండదు. వచ్చినప్పుడల్లా హాలులోనూ తరగతుల్లోనూ తెరలన్నీ ఒక్కసారిగా గుర్రుమంటూ కిందికి దిగి, ఎవరూ అడక్కుండానే స్వాగతం పలికేవి. మనుషులు లేనప్పుడు దీపాలు వాటంతట అవే ఆరిపోయే ఏర్పాటు కూడా పెట్టాడు. పరీక్ష రోజున పిల్లలు కదలకుండా బుద్ధిగా రాసుకుంటుంటే గదిలో ఎవరూ లేరని తీర్మానించుకుని అది దీపాలార్పేసింది. కాపలా ఉన్న లెక్కల మాస్టారు మిగిలిన పరీక్ష అంతా రెండు చేతులూ గాల్లో ఊపుతూ అటూ ఇటూ తిరిగారు. ఆయన అంత చురుగ్గా ఉండటం అంతకుముందు మేమెవరం చూడలేదు.

ఆ గొడవలన్నీ ఒక్కొక్కటే సర్దాక, కాకా కూర్చునే గదిలో కబుర్ల మైకు బిగిస్తూ ఆ అబ్బాయి ఒక జాగ్రత్త తీసుకున్నాడు. ఎవరైనా మైకు ఆపడం మరిచిపోయి సొంత మాటలు మాట్లాడుకుంటే ప్రాంగణమంతా వినపడి పరువు పోతుంది కదా, అందుకని కొంత సమయం దాటాక మైకు తనంతట తానే ఆగిపోయేలా పెడతానన్నాడు. ఒక కబురు చెప్పడానికి ఎంతసేపు పడుతుందని ప్రిన్సిపాల్ గారిని అడిగాడు. ఆయన హిందీ ఒక్కటే విని వెళ్ళిపోయే మనిషి కదా, అర నిమిషం చాలన్నారు. అబ్బాయి పాపం ఉదారంగా ఆలోచించి, పోనీ పెద్దాయన కదా అని కాకాకు నిమిషమున్నర ఇచ్చాడు. కాకాను మాత్రం ఎవరూ అడగలేదు.

తల్లిదండ్రుల రోజు వచ్చింది. హాలులో కూర్చున్నవాళ్ళకు ల్యాబులో తమ పిల్లలు చేసే ప్రయోగాలు తెర మీద కనపడాలనీ, ఇక్కడివాళ్ళు అక్కడివాళ్ళతో మాట్లాడాలనీ ఏర్పాటు. రాయ్‌పూర్ నుంచి ఒక పెద్దసారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారికి ఆ పెద్దసారు ముఖ్యం. నాకు మాత్రం వంటశాల చావడిలో, పిల్ల రేకు పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్న ఆ తల్లి ముఖ్యం. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతారట. అంతకుముందు ఒక్కసారి ఆమె హాలులో కూర్చుని, అంత పెద్ద తెర మీద తన కూతురు దీపాలు వెలిగిస్తూ తెలుగులో అమ్మా అని పిలిచి వివరించడం చూస్తే మనసు మారుతుందేమోనని నా ఆశ. పిల్లతో ఆ నాలుగు మాటలూ వారం రోజులు వల్లె వేయించాను.

కాకా కొత్త మైకు ముందు కూర్చుని అందరూ హాలులోకి రావాలని మొదలుపెట్టాడు. హిందీ అయింది, హల్బీ అయింది, గోండీలో వానలు కూడా అయ్యాయి. తెలుగులో “అందరు మంచి” అన్నంతవరకు ల్యాబు వరండాలోంచి నా చెవిన పడింది, అంతే, ఆగిపోయింది. దగ్గు వచ్చిందేమో అనుకున్నాను. కాకా అక్కడ తలుపు వేసుకుని ఆరిపోయిన మైకుతో తెలుగులో క్షేమసమాచారాలన్నీ తీరుబడిగా చెప్పుకుంటున్నాడని మాకేం తెలుసు? కెమెరాకు వెలుతురు అడ్డమని మేము కిటికీలు మూసేశాం. నా కొంగుకు ఆ అబ్బాయి చిన్న మైకు తగిలించాడు. నా మాట హాలుకు పోతుంది కానీ, మైకు పక్కనే స్పీకరుంటే కూత పెడుతుందని ల్యాబులోది ఆపి ఉంచాడు. తెర మీద హాలు కనపడింది. హల్బీవాళ్ళు వచ్చి కూర్చున్నారు, గోండీవాళ్ళు కూర్చున్నారు, పామేడు, ఉసూరు వాళ్ళకని వదిలిన రెండు వరసలు బోసిగా ఉన్నాయి. పిల్ల ఆ ఖాళీ కుర్చీల వంకే చూస్తూ, చేతిలో తీగ అలాగే పట్టుకుని, ఏడవడం మొదలుపెట్టింది.

ఏమైందిరా అని ఆ అబ్బాయిని అడిగితే, మైకు నిమిషమున్నరకు అదే ఆగిపోయి ఉంటుంది మేడమ్, నేనే అలా పెట్టాను అన్నాడు. అప్పుడు లేచింది నా నోరు.

“ఏటి, అదే ఆగిపోద్దా? మూడు భాషలదాకా మెలకువగా ఉండి, నాలుగోది వచ్చేసరికి నీ మిషనుకి నిద్రొచ్చిందా? హాలులో వాళ్ళ కుర్చీలన్నీ ఖాళీగా ఏడుస్తున్నాయి చూడు! ఆ తల్లి పామేడు అవతల నుంచి నడిచి, బస్సెక్కి, పడుతూ లేస్తూ వచ్చింది బాబూ! తన మాట ఇక్కడ పలకదనే కదా పిల్లని తీసుకుపోతానంటోంది! ఇప్పుడు నువ్వూ నీ ఒక్క టచ్చూ కలిసి అదే నిజం చేసి కూర్చున్నారు! హిందీ అయిపోయినంత మాత్రాన లోకం అయిపోదని ఆ ప్రిన్సిపాల్‌కి చెప్పు! ఇలాంటి చెయ్యున్న పిల్ల నాకు మళ్ళీ దొరకదు, ఇది వెళ్ళిపోతే ఈ ల్యాబుకి తాళం వేసి నేనూ కిరందుల్ పోతాను!”

ఇది మీకు చెప్పడానికి తగ్గించి రాసినది. అసలుది ఇంకా పొడుగు, అందులో ఆ అబ్బాయి కంపెనీ, దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా ఉన్నాయి. వాడు నా కొంగు వైపు వేలు చూపిస్తూ నిలబడ్డాడు. ఏటి, నాకే వేలు చూపిస్తావా అని మరో విడత అందుకున్నాను. చూపించిన కొద్దీ తిట్టాను, తిట్టిన కొద్దీ చూపించాడు. చివరికి ఊపిరి కోసం ఆగితే, ఏడుపు గొంతుతో, “మేడమ్, మీ మైకు ఆన్‌లో ఉంది” అన్నాడు. ముందురోజు పరీక్ష కోసమని ల్యాబు మైకును ప్రాంగణంలోని స్పీకర్లన్నిటికీ కలిపాడట, విడదీయడం మరిచిపోయాడట. ఆపే జాగ్రత్త కాకా మైకుకే పెట్టాడు కానీ నా మైకుకు పెట్టలేదు. బడి, హాలు, వంటశాల, హాస్టళ్ళు, గేటు, అన్నిచోట్లా నేనే.

వాడు గబగబా ఏదో నొక్కగానే ల్యాబులో స్పీకరు తెరుచుకుని, హాలులోని నవ్వు ఒక్కసారిగా మా మీద వచ్చి పడింది. తెర వైపు చూద్దును కదా, పామేడు, ఉసూరు తల్లులందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని పొట్టలు పట్టుకుని వచ్చి కూర్చుంటున్నారు. వాళ్ళందరికంటే ముందు, రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, మా పిల్ల తల్లి. తెర ముందుకొచ్చి నిలబడి, అక్కడి మైకు చూసి కాదు, నా మొహం చూసి అంది:

“వచ్చినం మేడం, ఇగ తిట్టుడు ఆపుండ్రి. గా పిలగాడు సచ్చిపోతడు.”

పిల్ల ఏడుపు ఆపి నవ్వింది. వారం రోజులు వల్లె వేయించిన మాటల్లో ఒక్కటి కూడా చెప్పలేదు. “అమ్మా, గిది చూడు” అని మాత్రం అని, తీగ కలిపి, వరసగా దీపాలు వెలిగించింది. తల్లి పెట్టె నెత్తి మీదనే ఉంచుకుని చూసింది.

హాలులో ఆ సమయంలో ఏం జరిగిందో అక్కడివాళ్ళనడిగి తెలుసుకుని కాకా తరవాత చెప్పాడు. నా తిట్లు మొదలవగానే ప్రిన్సిపాల్ గారు పెద్దసారు వైపు వంగి, ఇది మా నాలుగో భాషలో ప్రకటన అని సగర్వంగా చెప్పారట. మధ్యలో ప్రిన్సిపాల్ అన్న మాట వినపడగానే చేతులు జోడించి వినయంగా తల కూడా వంచారట. పెద్దసారు చాలా మెచ్చుకుని, నాలుగింటిలోనూ దీనిలోనే మంచి జోష్ ఉంది, మిగతావి కూడా ఇలాగే ఉండాలి అన్నారట. ఆ జోష్ ఎలా తేవాలో నేర్పమని ప్రిన్సిపాల్ గారు కాకాను నా దగ్గరికి పంపించారు. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ అసలు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆ ప్రాంగణంలో అంత ఐకమత్యం నేను మళ్ళీ చూడలేదు.

సాయంత్రం గేటు దగ్గర ఆ తల్లి నాకోసం నిలబడి ఉంది. ఒక్కతే. పెట్టె లేదు. నన్ను చూడగానే తనే మొదలుపెట్టింది.

“గీడ మా మాట ఎవలకు తెల్వదనుకున్న మేడం. గింత నోరున్న మనిషి మా పిల్ల కోసరం కొట్లాడుతదని నాకేం తెల్సు? ఉండనియ్యుండ్రి. మల్ల జరమొస్తే గా డబ్బాలల్లనే పిలువుండ్రి, పామేడు దాంక ఇనబడ్తది.”

బస్సు వెళ్ళిపోయాక కూడా నేను చాలాసేపు అక్కడే నిలబడి, మా అమ్మ ఉంటే ఈ సంగతి చెప్పి ఆ సామెత మార్పించేదాన్ని కదా అనుకుని, నవ్వుతూ ఏడ్చాను. హైదరాబాదు అబ్బాయి వెళ్ళేముందు కాకా మైకుకున్న గడువు తీసేశాడు. ఆ తరవాత కాకా కూడా రోజుకొక భాషతో మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాడు, తెలుగుతో మొదలైన రోజున ప్రిన్సిపాల్ గారు చివరిదాకా నిలబడి విని, జోష్ తగ్గిందని వాపోయేవారు.

ఇప్పుడు కాకా ఉసూరులో మనవలకు నాలుగు భాషల్లోనూ కథలు చెప్పుకుంటున్నాడట. ప్రాంగణంలో ముందే రికార్డు చేసిన కబుర్లు వస్తాయి, ఎవరో అమ్మాయి గొంతు, చక్కటి హిందీ, ఒక్క తడబాటు లేదు. బువ్వ తిన్నారా అని మాత్రం అడగదు. ఈ కబుర్లు నాకు చేరవేసేది మా పిల్లే. నేను నిలబడిన ల్యాబులోనే ఇప్పుడు అది నిలబడుతోంది. వాళ్ళమ్మ ఫోనులోకి వస్తే ముందుగా నా గొంతు బాగుందా అని అడుగుతుంది.

అందుకే మొన్న హాలులో ఆ కుర్రాణ్ణి అడిగాను, మైకు ఆపడం మరిచిపోతే ఏమవుతుంది నాయనా అని. ఆ భయమే లేదు ఆంటీ, నొక్కి పట్టుకుంటేనే పలుకుతుంది, పొరపాటున ఒక్క మాట కూడా బయటికి పోదు అన్నాడు. మంచిదే నాయనా అన్నాను, వాడి తప్పేముంది. కానీ భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చున్నాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ రోజు నా కొంగుకున్న మైకు కూడా అంత బుద్ధిమంతురాలై ఉంటే, ఆ రేకు పెట్టె సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయేది.